ఎవరికి జొరమొచ్చింది నాన్నా?

పోయినేడాది వినాయక చవితి దాటిన వారం మా ఆయన కావలి ట్రంకు రోడ్డులో బండి మీద బత్తాయిలు బాగున్నాయని రెండు కిలోలు తెచ్చాడు. అప్పటికి మా వాడికి నాలుగేళ్ళు దాటాయి. బొమ్మలు వదిలేసి పరిగెత్తుకొచ్చి కవర్లోకి తొంగిచూసి, "ఎవరికి జొరమొచ్చింది నాన్నా?" అన్నాడు. ఆయన నవ్వేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, రాత్రి పడుకున్నా ఆ మాటే చెవిలో తిరుగుతా ఉంది.

ఎందుకంటే వాడన్నది నిజమే. మా ఇంట్లోకి పండ్లు ఎప్పుడొస్తాయో నేను కూర్చుని లెక్కేసుకున్నాను. ఎవరికైనా జ్వరం వస్తే. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళని చూడ్డానికి పోతుంటే బత్తాయిలు, యాపిల్స్, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు. పండగలకి అరటిపండ్లు, వాటికీ అగరొత్తులు గుచ్చి దేవుడి ముందు పెడతాం, సాయంత్రానికి అవి నల్లబడి ఎవరూ ముట్టరు. మామూలు రోజున, ఏ కారణమూ లేకుండా, ఆకలేస్తే తినడానికి మా ఇంట్లో ఉండేది మురుకులు, బిస్కెట్లు. మరి పిల్లోడికి ఏం అర్థమవుతుంది? నీరసంగా పడుకున్నప్పుడు అమ్మ టెన్షన్‌గా మొహం పెట్టుకుని నోట్లో కుక్కేది పండు, సంతోషంగా ఉన్నప్పుడు తినేది బిస్కెట్టు.

దానికి ముందు నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. వాడికి రెండున్నరేళ్ళప్పుడు జ్వరమొచ్చి మాత్ర ఎంతకీ మింగకపోతే, పొడి చేసి అరటిపండు గుజ్జులో కలిపి పెట్టాను. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, మా ఇళ్ళల్లో అందరూ చేసే పనే. ఆ చేదు తెలిసిపోయింది, అరగంటలో మొత్తం కక్కేశాడు. అప్పటిదాకా కర్పూర అరటిపండు ఇష్టంగా తినే పిల్లోడు ఆ రోజు నుంచి అరటిపండు వాసనొస్తే లేచి పక్క గదిలోకి పోయేవాడు. మొండితనం అనుకున్నాను. రెండేళ్ళు అలానే అనుకున్నాను.

మొండితనం కాదని ఆ తర్వాత చదివితే తెలిసింది. 1955లో జాన్ గార్సియా అనే అమెరికా శాస్త్రవేత్త ఎలుకలకి శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్ళు ఇచ్చి, అదే సమయంలో వాటికి జబ్బు చేసేలా రేడియేషన్ పెట్టాడు. ఆ తర్వాత ఆ ఎలుకలు తియ్యటి నీళ్ళని వదిలేశాయి. కడుపులో తిప్పడానికి కారణం రేడియేషన్ అయినా, నింద మాత్రం తీపి మీద పడింది. మనుషులకీ ఇలాగే జరుగుతుంది, ఒక్కసారి జరిగినా చాలు, ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఏదో ఒక కూర తిన్న రోజే వాంతులైతే మళ్ళీ ఆ కూర జోలికి పోనివాళ్ళు మనందరి ఇళ్ళల్లోనూ ఉంటారు కదా, వాళ్ళని ఎవరూ మొండి అనరు. పిల్లల్ని మాత్రం అంటాం. అందుకే పిల్లలున్న అమ్మలందరికీ నేను చెప్పేది ఒకటే, మందుని మందులాగే ఇవ్వండి, ఏడ్చినా సరే, వాళ్ళకి ఇష్టమైన పండులో మాత్రం దాచొద్దు.

అక్కడితో ఆగినా బాగుండేది. వాడు అరటిపండు మానేశాడని భయపడి, ఇంట్లోకి ఏ పండు వచ్చినా బలవంతంగా పెట్టడం మొదలుపెట్టాను. "రెండు యాపిల్ ముక్కలు తింటే ఫోన్ ఇస్తా." వారం రోజులు పని చేసింది, ఆ తర్వాత వాడు రెండు ముక్కలు లెక్కపెట్టి నమలకుండా మింగి, చెయ్యి చాపేవాడు. లియాన్ బర్చ్ అనే సైకాలజిస్టు 1984లో చిన్న పిల్లల మీద చేసిన ప్రయోగం చదువుతుంటే అచ్చం మా ఇంట్లో జరిగిందే చదువుతున్నట్టు ఉంది. కెఫిర్ అని మజ్జిగలాగా పులిసిన పాల డ్రింకు ఉంటుంది, అది తాగితే బహుమతి ఇస్తామన్నారు. పిల్లలు తాగారు. కానీ కొన్ని వారాల తర్వాత చూస్తే వాళ్ళకి ఆ డ్రింకు మీద ఇష్టం తగ్గిపోయింది. తినడానికి లంచం ఇవ్వాల్సి వచ్చిందంటే అది మంచిది కాదనే పిల్లలు అనుకుంటారు, వాళ్ళ లెక్క వాళ్ళది.

మా అత్తయ్యగారి సంగతి వేరు. ఆమెకి మనవడంటే ప్రాణం. కానీ జామకాయ తింటే జలుబు, అరటిపండు రాత్రి తింటే జలుబు, సీతాఫలం అయితే ఏకంగా జ్వరం. జలుబు వచ్చేది వైరస్ వల్ల అత్తయ్యా, జామకాయ వల్ల కాదు, అందులో సి విటమిన్ కమలాపండులో కంటే ఎక్కువ అని నేనెంత చెప్పినా ఆమె భయం ఆమెది, ఆమె పిలకాయల్ని పెంచిన రోజుల్లో దగ్గొస్తే డాక్టరు దగ్గరికి పోవడం అంత తేలిక కాదు మరి. ఇబ్బంది ఎక్కడంటే, సోమవారం నేను "తిను నాయనా తిను" అని వెంటపడతాను, మంగళవారం ఆమె "వద్దురా అబ్బయ్యా" అని చేతిలోది లాక్కుంటుంది. అమ్మ, జేజి ఇద్దరూ పండు చూసి భయపడుతుంటే వాడికి ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా కొత్త తిండి అంటే బెదరడం పిల్లలకి ఎటూ సహజమే.

ఇంకొకటి చెప్పుకోవాలి. వాడు నేను పండు తినడం ఎప్పుడూ చూడలేదు. మామిడికాయ కోస్తే రెండు పక్కల ముక్కలూ అందరికీ ప్లేట్లలో సర్ది, టెంక నేను వంటగదిలో నిలబడి చీకేదాన్ని. మా అమ్మా అంతే, వాళ్ళమ్మా అంతే. మా ఆయనేమో నెల్లూరు నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది, నేరుగా అన్నం తినేస్తాడు. అంటే మా ఇంట్లో పెద్దవాళ్ళెవరూ తినని వస్తువుని పిల్లోడి చేత తినిపించాలని యుద్ధం చేస్తున్నాం.

దాంతో అన్నీ ఆపేశాను. ఫోన్ బేరం లేదు, వెంటపడ్డం లేదు. సాయంత్రం ఐదున్నరకి మేడ మెట్ల మీద కూర్చుని నేనొక జామకాయ ఉప్పుకారం అద్దుకుని తింటాను, ప్లేటులో నాలుగు ముక్కలు పక్కన ఉంటాయి, వాడిని రమ్మనను. ఆదివారాలు మా ఆయన కూడా వచ్చి కూర్చుంటాడు. అత్తయ్యతో గొడవ పెట్టుకోలేదు, "పొద్దుండగానే పెడతాను, రాత్రి పెట్టను" అంటే ఒప్పుకుంది. ఒక కొత్త రుచి అలవాటు కావడానికి కొందరు పిల్లలకి పది పదిహేను సార్లు పడుతుందని చదివాను, మూడోసారికే వదిలేసే అలవాటు నాది, అందుకని క్యాలెండర్లో చుక్కలు పెట్టుకున్నాను. జామకాయ ముక్క కొరికి ఉమ్మేసింది ఆరో చుక్క, ఉమ్మకుండా మింగింది పదకొండో చుక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పినదాని ప్రకారం రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పండ్లూ కూరగాయలూ అన్నీ కలిపి రోజుకి కనీసం 250 గ్రాములు. అన్నీ కలిపి! కూరన్నం సరిగ్గా తిన్న రోజున ఒక చిన్న జామకాయ తోడైతే చాలు, దానికి నేను పడ్డ టెన్షన్ తల్చుకుంటే ఇప్పుడు బాధేస్తుంది.

ఈ మే నెలలో ఉలవపాడు పక్కన మా ఆడబిడ్డ వాళ్ళ ఊరికి పోయాం. వాళ్ళకి బంగినపల్లి తోట, పక్కన రసాలు నాలుగు చెట్లు ఉన్నాయి. కోసిన కాయల్ని వెనక గదిలో వరిగడ్డి పరిచి మాగబెడతారు. పొద్దున లేవగానే ఆడబిడ్డ పిల్లలు, అంటే మా వాడి బావలిద్దరూ ఆ గదిలో దూరి గడ్డిలో చేతులు పెట్టి, మెత్తబడిన కాయ కోసం వెతుకుతారు, తొడిమ దగ్గర వాసన చూసి "ఇది అయ్యింది, ఇది ఇంకా కాలేదు" అని చెప్తారు. మా వాడు మొదటి రోజు గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. రెండో రోజు గడ్డిలో చెయ్యి పెట్టాడు. మూడో రోజు పెద్ద బావ రసం కాయ పిసికి, మొన కొరికి ఎలా చీకాలో చూపిస్తే, మోచేతుల దాకా కారుతుంటే నిలబడి ఒక కాయ మొత్తం చీకేశాడు. తినమని అక్కడ ఒక్కరు కూడా అనలేదు. బర్చ్ గారే 1980లో ఇంకో ప్రయోగం చేశారు, తనకి నచ్చని కూరగాయ ఇష్టంగా తినే తోటి పిల్లల మధ్య ఒక పిల్లని కొన్ని రోజులు కూర్చోబెడితే ఆ పిల్ల కూడా దాన్నే తీసుకోవడం మొదలుపెట్టిందట. మా ఆడబిడ్డకి ఆ ప్రయోగం గురించి ఏమీ తెలియదు. "పిలకాయల్ని పిలకాయల్లో వదిలెయ్ వదినా" అంది, అంతే.

అరటిపండు ఇంకా తినడు. నేనూ అడగడం లేదు. కానీ అరటిపండ్ల హస్తం ఒకటి ఎప్పుడూ వంటగదిలో కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది, నేను రోజూ ఒకటి వాడి ముందే తింటాను. పోయిన గురువారం వాడే స్టూలు జరుపుకుని ఎక్కి ఒకటి తుంచాడు. వొలిచాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు. "ఇందులో మందు లేదు కదమ్మా?" అన్నాడు. లేదు నాయనా అన్నాను. ఇంకాసేపు చూసి తెచ్చి నా చేతిలో పెట్టాడు, నేను తింటుంటే పక్కనే కూర్చున్నాడు, ఈసారి లేచి పోలేదు.