మెడనొప్పికి సూదుల వైద్యం: కర్నూలులో నా అనుభవం

"మెడలో సూదులా? నరానికి తగిలితే?" ఆక్యుపంక్చర్‌కి వెళ్తున్నానని తెలిసినప్పుడు మా వీధిలో దాదాపు అందరూ అన్న మాట ఇది. ఇప్పుడు మెడ, భుజాల నొప్పులున్న తోటి టైలర్లు వచ్చి అడుగుతున్నారు: "ఎట్లుంటాదక్కా, నొప్పి పుడతాదా, ఎన్నిసార్లు పోవాల?" షాపులో పని మధ్యలో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

నాది బుధవారపేటలో చిన్న టైలరింగ్ షాపు. జాకెట్లు కుట్టడం, ఫాల్, పీకో. పెళ్లిళ్ల సీజన్లో మిషన్ ముందు కూర్చుంటే రాత్రి దాకా తల వంచే ఉంటుంది. కుడివైపు మెడలో మొదలైన నొప్పి భుజం మీదికి పాకి, చివరికి కత్తెర పట్టుకోవడమే కష్టమైంది. మాత్ర వేసుకుంటే ఆ పూటకి తగ్గేది, వెంటనే కడుపులో మంట. పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరుకి చూపించుకున్నాను. ఎక్స్‌రే తీసి, మెడ ఎముకల్లో కొంచెం అరుగుదల ఉందని, అసలు బాధ బిగుసుకుపోయిన కండరాలదని చెప్పి ఫిజియోథెరపీ రాశారు. దానితో తగ్గింది. కానీ సీజన్ రాగానే మళ్లీ మొదటికొచ్చేది. అప్పుడు మా వదిన చెబితే సూదుల వైద్యం గురించి ఆలోచించాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నొప్పి ఎందుకొస్తోందో డాక్టరు తేల్చాకే సూదుల దగ్గరికి వెళ్లండి. చెయ్యి మొద్దుబారుతున్నా, పట్టు తగ్గుతున్నా, నడక తూలుతున్నా, నొప్పితో పాటు జ్వరం వస్తున్నా, దెబ్బ తగిలాక మొదలైన నొప్పి అయినా ముందు ఆసుపత్రి. ఎడమ చేతిలోకి లాగే నొప్పితో గుండెలో బరువుగా ఉంటే ఆలోచించే పనే లేదు.

నేను ఎంచుకున్న డాక్టరమ్మ బి.ఎన్.వై.ఎస్. చదివారు. ప్రకృతి వైద్యం, యోగాలో ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల డిగ్రీ అది, అందులో ఆక్యుపంక్చర్ కూడా చెబుతారు. ఏం చదివారని నేనే అడిగాను. ఆమె ఏమీ అనుకోకుండా సర్టిఫికెట్ చూపించారు. కేంద్ర ప్రభుత్వం 2019లో ఆక్యుపంక్చర్‌ని ప్రత్యేక చికిత్సా విధానంగా గుర్తించింది. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్రల్లో దీనికి చట్టాలు కూడా ఉన్నాయి. అయినా కొద్దిరోజుల క్లాసులకి వెళ్లొచ్చి బోర్డు పెట్టేవాళ్లూ ఉంటారు కాబట్టి అడగడానికి మొహమాటపడొద్దు. మన మెడ మన చేతుల్లో ఉన్నంతసేపే అడగగలం.

ఆమె గది గోడ మీద డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ ఫొటో ఉంది. షోలాపూర్ ఆయన. జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకి 1938లో మన దేశం నుంచి సాయంగా వెళ్లిన ఐదుగురు డాక్టర్లలో ఒకరు, 1942లో అక్కడే చనిపోయారు. అదే బృందంలోని డాక్టర్ బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారట. డాక్టరమ్మ ఆ కథ చెబుతుంటే నాలో టెన్షన్ కొంచెం సడలింది.

మొదటి రోజు మాటలకే ఎక్కువ సమయం పట్టింది. నిద్ర, ఆకలి, నెలసరి, మలబద్ధకం, ఏ భంగిమలో నొప్పి పెరుగుతుంది, అన్నీ అడిగారు. నాలుక చాపమన్నారు, రెండు మణికట్ల దగ్గరా నాడి చూశారు. తర్వాత అడిగినవి ముఖ్యమైనవి: షుగర్ ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, గుండెలో పేస్‌మేకర్ ఉందా, గర్భం ఉందేమోనని అనుమానమా, సూదులు చూస్తే కళ్లు తిరుగుతాయా. ఇవి ఎవరైనా అడగకపోతే మీరే చెప్పండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే పాయింటు (సూది గుచ్చే చోటుని అలా అంటారు), కాలి లోపలివైపు చీలమండకి పైన ఉండే పాయింటు గర్భిణులకి పెట్టరు. కొన్నిసార్లు సూదులకి సన్నగా కరెంటు ఇస్తారు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి అది పెట్టరు.

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. నేను ఇంత ఉగ్గాని తిని వెళ్లాను. వదులుగా ఉండే జాకెట్, వెనక హుక్కులున్నది అయితే సుఖం. నాకు తోడుగా గదిలో నర్సమ్మ ఉంది. ఆడవాళ్లు అది ముందే అడిగి ఖాయం చేసుకోవడం మంచిది.

ఇక సూదులు. ఇంజెక్షన్ సూదిని తలచుకుని భయపడతాం గానీ ఇది వేరు. దాదాపు పావు మిల్లీమీటరు మందం, లోపల రంధ్రం ఉండదు, మందు ఎక్కించేది ఉండదు. సీలు వేసిన ప్యాకెట్ నా ముందే చించారు. ఒకసారి వాడిన సూది మళ్లీ వాడకూడదు. వాడితే హెపటైటిస్ బి, సి లాంటి కాలేయ జబ్బులు అంటుకునే ప్రమాదం. ప్యాకెట్ మన ముందు విప్పని చోట పడుకోకండి. మొహమాటానికి పోయే విషయం కాదిది.

బోర్లా పడుకోబెట్టి, చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడిచి, సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో సూది పెట్టి వేలితో ఒక్క తట్టు తట్టారు. చీమ కుట్టినంత, అంతే. పుర్రె కింద మెడ మొదట్లో రెండు వైపులా, భుజం మీద, చేతి వెనక, మోచేతి దగ్గర, మోకాలి కింద కూడా పెట్టారు. మెడనొప్పికి కాలికెందుకని అడిగితే, చైనా వైద్యం లెక్కలో ఒంట్లో 'చి' అనే శక్తి తిరిగే 12 ముఖ్యమైన మార్గాలు, అవికాక ఇంకో రెండు ఉన్నాయని, వాటి మీద ఉన్న పాయింట్లలో 361 ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఉన్నాయని చెప్పారు. ఈ కాలపు డాక్టర్ల వివరణ వేరు: సూది నరాలని ప్రేరేపిస్తుంది, దానితో ఒళ్లు ఎండార్ఫిన్లలాంటి నొప్పి తగ్గించే పదార్థాలని విడుదల చేస్తుంది.

గుచ్చాక సూదిని కొంచెం తిప్పుతారు. అప్పుడు అసలైన అనుభూతి వస్తుంది. అది మంట కాదు, పోటు కాదు. లోపల బరువుగా, లాగుతున్నట్టు, తిమ్మిరిగా ఉంటుంది. బిగుసుకున్న నా భుజం కండ ఒక్కసారి అదిరి తర్వాత వదులైంది. కరెంటు కొట్టినట్టు జిల్లుమంటే, భరించలేని నొప్పి ఉంటే వెంటనే చెప్పాలి, సూదిని సర్దుతారు.

భుజం మీద సూది పెట్టేటప్పుడు డాక్టరమ్మ కండని రెండు వేళ్లతో పైకి పట్టుకుని, ఏటవాలుగా, తక్కువ లోతుకే గుచ్చారు. ఆ చోటు కిందే ఊపిరితిత్తి పైభాగం ఉంటుంది. లోతుగా పోతే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదం. అరుదే గానీ ఉన్నదే. భుజంలోనో, వీపులోనో, ఛాతీలోనో సూదులు పెట్టించుకున్న తర్వాత ఊపిరి అందకపోయినా, ఛాతీలో పోటు వచ్చినా, అది మరుసటి రోజైనా సరే, క్లినిక్‌కి ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. నన్ను అడిగే ప్రతి ఒక్కరికీ ఈ మాట రెండుసార్లు చెబుతాను.

సూదులతో అరగంట లోపే ఉంచారు. కదలకూడదు. నాకు దాదాపు నిద్ర పట్టింది. తర్వాతి సిట్టింగుల్లో భుజం సూదులకి క్లిప్పులు తగిలించి సన్నగా కరెంటు పెట్టారు. కండ టకటకా కొట్టుకుంటుంది, ఎక్కువైతే తగ్గించమనొచ్చు. ఒకరోజు మాచిపత్రి ఆకు పొడితో చేసిన చుట్టని వెలిగించి మోకాలి కింద పాయింటుకి దూరంగా వేడి చూపించారు. వినాయక చవితి పత్రిలో మొదట వేసే ఆ మాచిపత్రి రకమే! ఆ పొగ వాసనకి నాకు మాత్రం తల బరువెక్కింది, ఇంకోసారి వద్దన్నాను.

తీసేటప్పుడు నొప్పి ఉండదు. ఎన్ని పెట్టారో అన్ని తీశారా అని లెక్క చూసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేస్తారు. ఒకటి రెండు చోట్ల రక్తపు బొట్టు, మరునాడు చిన్న కమిలిన మచ్చ, అంతవరకు మామూలే. వెంటనే దిగ్గున లేవకూడదు, కాసేపు కూర్చుని నీళ్లు తాగాలి. ఆ సాయంత్రం ఒళ్లంతా నీరసం, మగత. రెండో రోజు నొప్పి కొంచెం పెరిగినట్టుంది, తర్వాత దిగింది. సిట్టింగ్ ఉన్న రోజు అర్జంటు ఆర్డర్లు పెట్టుకోవద్దు.

వారానికి రెండుసార్లు వెళ్లాను, తర్వాత ఒకసారి. మొదట్లో తేడా తెలియలేదు. కొన్ని సిట్టింగులయ్యాక బండి నడిపేటప్పుడు వెనక్కి తిరిగి చూడగలిగాను. రాత్రి నొప్పికి మెలకువ రావడం ఆగింది. మాత్రల అవసరం బాగా తగ్గింది. సిట్టింగుకి 400 రూపాయలు, ఆటో ఖర్చు వేరు. కాబట్టి మొదటి రోజే ఎన్ని సిట్టింగులు పడతాయి, ఎన్నింటికి తేడా రాకపోతే ఆపేద్దాం అని అడిగేయండి. నిజాయితీ ఉన్నవాళ్లు దానికి సూటిగా జవాబిస్తారు.

మా అమ్మాయి బి.ఫార్మసీ చదువుతోంది. జర్మనీలో నడుం నొప్పి మీద జరిగి 2007లో వచ్చిన పెద్ద పరిశోధన గురించి తనే నాకు చదివి చెప్పింది. 1,162 మందిని మూడు గుంపులు చేశారు. సరైన పాయింట్లలో సూదులు పెట్టినవాళ్లలో సుమారు 48 శాతానికి, పాయింట్లు కాని చోట్ల పైపైన గుచ్చినవాళ్లలో 44 శాతానికి మేలు జరిగింది. మామూలు మందులు, వ్యాయామాలు ఇచ్చినవాళ్లలో 27 శాతానికే. అంటే సూదులతో ఉపశమనం రావడం నిజమే, పాయింటు కచ్చితంగా అక్కడే ఉండాలన్నది మాత్రం అంత గట్టిగా తేలలేదు. ఇది విన్నాక నా నమ్మకం తగ్గలేదు. కానీ సూదులతో షుగర్, థైరాయిడ్ పూర్తిగా పోతాయని, మాత్రలు ఆపేయమని చెప్పేవాళ్ల దగ్గరికి మా వాళ్లెవరినీ వెళ్లనివ్వను. నొప్పిని నెమ్మదింపజేయడం వేరు, జబ్బు నయం చేయడం వేరు.

నొప్పి తగ్గిన ఆ వెసులుబాటులోనే ఫిజియోథెరపీ వ్యాయామాలు మళ్లీ సరిగ్గా చేయగలిగాను, అదే నాకు దక్కిన పెద్ద లాభం. మిషన్ టేబుల్ కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచుకున్నాను, లైటు దగ్గరికి మార్పించాను, గంటకోసారి లేస్తున్నాను. ఇప్పుడు సిట్టింగులు ఆపేశాను. శ్రావణమాసం ఆర్డర్లకి భుజం మళ్లీ బిగిస్తే వెళ్తాను, చెయ్యి మొద్దుబారితే మాత్రం నేరుగా పెద్దాసుపత్రికే.