నాన్న ముడుల తాడు

మహారాష్ట్రలోని ధర్మాబాద్ తాలూకాలో గోదావరి ఒడ్డున మాకు మూడెకరాల నల్లరేగడి ఉంది. ఇంట్లో మాట తెలుగు, కాగితాలన్నీ మరాఠీ. నాన్నకు మోకాళ్ల నొప్పులు ముదరడంతో నది నీటి అనుమతి పని నిరుడు అక్టోబరు మొదటి వారంలో నా మీద పడింది.

సాత్‌బారా, అంటే పొలం హక్కు, పంటల వివరాలుండే పత్రం జతచేసి, నీటి అర్జీ పెట్టే ఏడో నంబరు ఫారంలో మూడెకరాలూ చెరకు అని రాసి సాగునీటి కార్యాలయంలో ఇచ్చాను. గుమస్తా దాన్ని తిరిగి నా వైపు జరిపారు. రెండు సీజన్ల నీటి పన్ను బకాయి ఉందట. కట్టేశానని నాన్న అంటారు, రసీదు లేదు. చివరికి మళ్లీ కట్టాల్సి వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ రసీదు కోసం ట్రంకుపెట్టె గాలిస్తున్నప్పుడే నాన్న నోటుపుస్తకం దొరికింది. నెలకు రెండుసార్లు, ఒకటిన, పదిహేనున, మూరకొక ముడి వేసిన తాడును బావిలోకి వదిలి, గట్టు నుంచి నీళ్లు ఎన్ని మూరల లోతున ఉన్నాయో రాసుకున్నారు. ఐదేళ్ల లెక్క.

మా బావి నీళ్లకూ, మా తాలూకాలోనే గోదావరి మీద కట్టిన బాబ్లీ బరాజుకూ సంబంధం ఉంది. సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న ఇచ్చిన తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీల నీళ్లు దిగువన తెలంగాణలోని శ్రీరాంసాగర్‌కు వదలాలి. బరాజు సామర్థ్యమే 2.74 టీఎంసీలు, అంటే ఐదో వంతుకు పైగా ఆ ఒక్కసారే వెళ్తుంది. ఈ తేదీలు మా ఊళ్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఫారం నింపేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు.

ఆ రాత్రి నోటుపుస్తకంలో గేట్ల తేదీల దగ్గర ఎర్ర గీతలు గీశాను. గేట్లు దించే నాటికి నదిలో ప్రవాహం ఉన్న మూడేళ్లలో నవంబరు నెలంతా బావిలో నీళ్లు పైకి వచ్చాయి. వానలు ముందే వెనుదిరిగిన రెండేళ్లలో బరాజు సరిగా నిండలేదు, బావి ఉన్నచోటే ఉంది. ఐదేళ్లలోనూ మార్చి సగం దాటాక నీళ్లు జారిపోయాయి. చెరకేమో ఏడాది పొడవునా నీళ్లు అడిగే పంట.

“ఇదంతా రాసి పెట్టుకుని కూడా చెరకు ఎందుకు వేశావు నాన్నా?” అని అడిగాను.

“పక్కవాళ్లు నాటారని నాటానురా. ఏప్రిల్‌లో రెండుసార్లు ట్యాంకరు నీళ్లు కొన్నాను. మీ అమ్మకు చెప్పలేదు,” అన్నారు.

మార్చిలో వదిలే నీళ్లను నేను నష్టంగా చూడను. దిగువన నిజామాబాద్ వైపు ఉన్నదీ మా చుట్టాలే, వాళ్లవీ పొలాలే. ఆ నీళ్లు మావి కావని ముందే తెలిసినప్పుడు వాటిని నమ్ముకుని పంట వేయడమే తప్పు.

రెండోసారి ఫారంలో రెండెకరాలు శనగ, ఎకరా జొన్న అని రాశాను. ఇక్కడ రబీ అనుమతి అక్టోబరు 15 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఉంటుంది. మార్చి 1కి ముందే మా అవసరం తీరిపోతుంది. నల్లరేగడిలో శనగకు పూతకు ముందు ఒక తడి, కాయ పట్టేటప్పుడు ఒక తడి చాలు. నది నిండని ఏడాదైనా అంత నీరు మా బావే ఇస్తుంది. ఈసారి బకాయి రసీదు కూడా జత చేశాను. ఇంకే అడ్డూ చెప్పకుండా అనుమతి ఇచ్చారు.

నాకు ఒక్కటే కోరిక. అర్జీలు తీసుకునే గదిలో గోడకు ఒక నల్లబల్ల పెట్టి, బరాజులో ఈ రోజు ఎన్ని నీళ్లున్నాయో, నిరుడు ఇదే రోజున ఎన్ని ఉన్నాయో సుద్దముక్కతో రాస్తే చాలు. ఫారం చేతిలో పట్టుకుని నిలబడ్డ రైతు కళ్ల ముందు ఆ రెండు అంకెలూ ఉండాలి. అందరి ఇళ్లలోనూ ఇలాంటి నోటుపుస్తకం ఉండదు కదా.

ఇప్పుడు బావి కొలిచే పని నాదే. కొలతల టేపు కొని తెచ్చాను. నాన్న ఒప్పుకోలేదు. టేపుతో కొలిచినా పక్కన మూరల్లో కూడా రాయాలట, లేకపోతే పాత ఐదేళ్ల లెక్కతో పోల్చలేమన్నారు. రెండు గడులు గీసి రెండూ రాస్తున్నాను.