లిల్-సుర్-లా-సోర్గ్ ఆదివారం సంత

దక్షిణ ఫ్రాన్స్‌లో అవిన్యోన్ దగ్గర, సోర్గ్ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో గురువారం, ఆదివారం పొద్దున సంత. పాత సామాన్లు చూడాలంటే ఆదివారమే వెళ్లండి. అవిన్యోన్ సెంటర్ స్టేషన్ నుంచి రైల్లో సుమారు అరగంట. కారులో అయితే 9 లోపే చేరాలి, తర్వాత పార్కింగ్ దొరకదు. మధ్యాహ్నం 1 కల్లా కూరగాయల అంగళ్లు సర్దేస్తారు. ముందు "బోఁజూర్" (నమస్కారం) చెప్పాలి, ధర అడగడం తర్వాత. మన రైతుబజారులోలా పళ్లు నొక్కి నొక్కి ఏరబోతే మొహం చిట్లిస్తారు. ఎన్ని కావాలో చెబితే వాళ్లే తీసిస్తారు. చిల్లర యూరోలు ఉంచుకోండి.

అసలు అందం మాత్రం నాచు పట్టిన నీటిచక్రాలదే. ఒకప్పుడు ఉన్ని, పట్టు మిల్లులను తిప్పినవి ఇవే. సోర్గ్ నీళ్లు ఎగువన 7 కిలోమీటర్ల దూరంలోని ఫోంతేన్-ద-వోక్లూజ్ ఊటవి. అందుకే నడివేసవిలోనూ చల్లగా, అడుగున గడ్డి కనిపించేంత తేటగా ఉంటాయి.