రెండు ఇంటర్నెట్ లైన్లున్న సర్వర్: జవాబు ఏ దారిన పోతోందో ముందు చూడండి

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. ఆ రెండు తుపాన్లు చూసిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక్క ఇంటర్నెట్ లైను మీద సర్వర్ నడపమని ఎవరికీ చెప్పలేం. స్తంభం పడితే దాని మీదున్న ఫైబర్ కూడా పడుతుంది. అందుకే జీడిపప్పు మిల్లు ఆఫీసైనా, కాలేజీ ల్యాబైనా, స్కానింగ్ సెంటరైనా ఇద్దరు ఆపరేటర్ల దగ్గర రెండు లైన్లు తీసుకుని, సర్వర్‌లో రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టుకోవడం మంచి పనే. కానీ రెండో కేబుల్ గుచ్చడంతో పని అయిపోదు. లినక్స్‌కు చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి.

లక్షణాలు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. రెండో లైను ఐపీకి బయటి నుంచి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) చేస్తే కదలకుండా నిలిచిపోతుంది. ఆఫీసు లోపలి నుంచి మాత్రం బాగానే కలుస్తుంది. మొదటి కేబుల్ పీకేస్తే బయటి నుంచి కూడా కలుస్తుంది. ఈ చివరి లక్షణం కనబడిందంటే ఫైర్‌వాల్ నియమాలు తిరగరాయడం ఆపేయండి. చాలా మంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు. అది రూటింగ్ జబ్బు, అంటే దారి ఎంపికలో తప్పు.

కారణం చిన్నదే. లినక్స్ మామూలుగా ప్యాకెట్ (డేటా ముక్క) ఎక్కడికి పోవాలన్నది మాత్రమే చూసి దారి ఎంచుకుంటుంది. అది ఏ కార్డు మీద వచ్చిన ప్రశ్నకు జవాబో పట్టించుకోదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో బోర్డు కూడా ఆమదాలవలస ఎటో చెబుతుంది గానీ, మీరు ఏ రోడ్డు మీద వచ్చారని అడగదు కదా. రెండు కార్డులకూ డీఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి చూపే మోడెమ్ అడ్రస్) ఇస్తే, మెట్రిక్ (దారికి ఇచ్చే ప్రాధాన్య అంకె) తక్కువున్నదే బయటికి పోయే ప్రతి ప్యాకెట్‌నూ లాక్కుంటుంది.

ఉదాహరణకు ఈ అమరిక అనుకుందాం. మొదటి కార్డు ఈత్0 అడ్రస్ 192.168.1.10, దాని మోడెమ్ 192.168.1.1. రెండో కార్డు ఈత్1 అడ్రస్ 192.168.2.10, దాని మోడెమ్ 192.168.2.1. రెండు మోడెమ్‌లలోనూ పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే పిలుపును సర్వర్‌కు మళ్లించే అమరిక) ఉంది. బయట 203.0.113.77 అనే మనిషి రెండో లైను ద్వారా వచ్చాడు. ప్యాకెట్ ఈత్1 మీద చక్కగా దిగింది. సర్వర్ ఇచ్చిన జవాబు మాత్రం 192.168.2.10 పేరు మీద ఈత్0 నుంచి మొదటి మోడెమ్‌కు వెళ్లింది. ఆ మోడెమ్‌కు ఈ సంభాషణ ఎప్పుడు మొదలైందో తెలియదు. పారేస్తుంది, లేదా తన పబ్లిక్ ఐపీ అంటించి పంపుతుంది. అలా పంపినా అవతలి కంప్యూటర్ తాను పిలవని ఐపీ నుంచి వచ్చిన జవాబును ఒప్పుకోదు. మోడెమ్ లేకుండా పబ్లిక్ ఐపీలు నేరుగా సర్వర్ మీదే ఉన్నా ఇదే గతి. తమది కాని సోర్స్ అడ్రస్‌తో వచ్చే ప్యాకెట్‌ను ఆపరేటర్లు ఆపాలన్న సిఫార్సు ఉంది, 2000లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2827 అనే ఇంటర్నెట్ పత్రం అదే.

సర్వర్ మీద చెయ్యి వేసే ముందు రెండు చిన్న సంగతులు చూసుకోండి. మొదటిది, రెండు ఫైబర్ మోడెమ్‌లూ ఫ్యాక్టరీ నుంచి 192.168.1.1తోనే వచ్చి ఉండొచ్చు. అలా ఉంటే ఒకదాని లాన్ (లోపలి వైపు) అడ్రస్ 192.168.2.1కి మార్చాల్సిందే. రెండు కార్డులూ ఒకే సబ్‌నెట్‌లో (ఒకే అడ్రస్‌ల శ్రేణిలో) ఉండగా కింద చెప్పేదేదీ సరిగా నిలబడదు. రెండోది, మోడెమ్ స్టేటస్ పేజీలో వాన్ (బయటి వైపు) ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆ లైనుకు సొంత పబ్లిక్ ఐపీ లేదు, ఆపరేటర్ ఒకే ఐపీని చాలా మందికి పంచుతున్నాడు. అప్పుడు బయటి నుంచి లోపలికి రావడమే కుదరదు. ఆపరేటర్ని స్టాటిక్ ఐపీ అడగాలి.

ఇక పరీక్ష. కమాండ్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేది ఇంగ్లిష్‌లో, ఎక్కువగా చిన్న అక్షరాల్లో; పింగ్ ఆప్షన్లలో పెద్ద అక్షరం కావాల్సిన చోట చెబుతాను. సర్వర్‌లో టీసీపీడంప్‌ను (వచ్చిపోయే ప్యాకెట్లను తెర మీద చూపే సాధనం) మైనస్ ఎన్, మైనస్ ఐ ఎనీ ఇచ్చి, పోర్ట్ 22 ఫిల్టర్‌తో నడపండి. ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటాతో రెండో లైను ఐపీకి కనెక్ట్ అవ్వండి. టీసీపీడంప్ వెర్షన్ 4.99 నుంచి ప్రతి వరుసలో కార్డు పేరు, ఇన్ లేదా అవుట్ అని కనబడుతుంది. సిన్ (కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్) ఈత్1లో ఇన్, సిన్-యాక్ (దానికి జవాబు) ఈత్0లో అవుట్ అని ఉంటే పైన చెప్పిన జబ్బే. సిన్ వచ్చింది గానీ ఏ కార్డులోనూ జవాబే లేదంటే అది ఆర్పీ ఫిల్టర్ కావచ్చు, దాని సంగతి కింద చెబుతాను. సిన్నే రాకపోతే మోడెమ్ పోర్ట్ ఫార్వర్డింగ్ చూడండి.

ప్యాకెట్లు పంపకుండానే కెర్నెల్‌ను (లినక్స్ గుండెకాయను) నేరుగా అడగొచ్చు: ఐపీ రూట్ గెట్ 203.0.113.77 ఫ్రమ్ 192.168.2.10. జవాబులో వయా 192.168.1.1, డెవ్ ఈత్0 అని వస్తే తప్పు దారి. ఇందులో ఫ్రమ్ వదిలేయొద్దు. చాలా మంది ఉత్త ఐపీ రూట్ షో చూసి అంతా బాగానే ఉందనుకుంటారు. అది ఒక్క మెయిన్ టేబుల్‌నే (మామూలుగా వాడే దారుల పట్టిక) చూపిస్తుంది. పింగ్‌తో పరీక్షించేటప్పుడు మైనస్ ఐ (పెద్ద అక్షరం) తర్వాత కార్డు పేరు కాకుండా 192.168.2.10 అని అడ్రస్ ఇవ్వండి. కార్డు పేరు ఇస్తే సాకెట్ ఆ కార్డుకే కట్టుబడిపోతుంది. మీ వెబ్ సర్వర్ అలా కట్టుబడి ఉండదు కాబట్టి ఆ ఫలితం మోసం చేస్తుంది.

సరిచేయడానికి పాలసీ రూటింగ్ (సోర్స్ అడ్రస్ లాంటివి కూడా చూసి దారి ఎంచే పద్ధతి) వాడాలి. కెర్నెల్ మొదట నియమాల జాబితా చూస్తుంది, ఆ తర్వాతే టేబుల్. ఐపీ రూల్ షో కొడితే మామూలుగా మూడు నియమాలు కనబడతాయి: 0 దగ్గర లోకల్, 32766 దగ్గర మెయిన్, 32767 దగ్గర డీఫాల్ట్. మన నియమాలు వీటి మధ్యలో, 32766 కంటే ముందు దూరాలి. ఒక్కో లైనుకు ఒక టేబుల్ పెట్టండి, 101, 102 అనుకుందాం.

ఐపీ రూట్ యాడ్ డీఫాల్ట్ వయా 192.168.1.1 డెవ్ ఈత్0 టేబుల్ 101
ఐపీ రూట్ యాడ్ డీఫాల్ట్ వయా 192.168.2.1 డెవ్ ఈత్1 టేబుల్ 102
ఐపీ రూల్ యాడ్ ప్రయారిటీ 1000 టేబుల్ మెయిన్ సప్రెస్‌_ప్రిఫిక్స్‌లెంగ్త్ 0
ఐపీ రూల్ యాడ్ ప్రయారిటీ 1010 ఫ్రమ్ 192.168.1.10 టేబుల్ 101
ఐపీ రూల్ యాడ్ ప్రయారిటీ 1020 ఫ్రమ్ 192.168.2.10 టేబుల్ 102

మూడో వరుస విలువైనది, ఎక్కువ మంది వదిలేసేదీ అదే. మెయిన్ టేబుల్‌ను ముందు చూడు, కానీ అందులో డీఫాల్ట్ రూట్ దొరికితే లెక్కలోకి తీసుకోకు అని దాని అర్థం. అది లేకపోతే ఏమవుతుందంటే, ఆఫీసులో 192.168.1.50 కంప్యూటర్ సర్వర్‌ను 192.168.2.10 అడ్రస్‌తో పిలిచినప్పుడు పక్కనే ఉన్న ఆ కంప్యూటర్‌కు ఇవ్వాల్సిన జవాబు 102 టేబుల్ పట్టుకుని రెండో మోడెమ్‌కు పోతుంది. ల్యాబ్ కోసం మూడో కార్డు, 10.10.0.0/16 లాంటి లోపలి నెట్‌వర్క్ ఉన్నా ఈ ఒక్క వరుసే కాపాడుతుంది. ఆ మూడో కార్డుకు మాత్రం గేట్‌వే గడి ఖాళీగా వదలండి. గడి ఉంది కదా అని నింపడం వల్ల పుట్టే గొడవలే ఎక్కువ.

ఇంకో మాట. రెండో లైను బయటికి పోవడానికి, అదీ మొదటిది చచ్చినప్పుడు మాత్రమే కావాలనుకుంటే ఇదంతా అక్కర్లేదు. మెయిన్ టేబుల్‌లో రెండు డీఫాల్ట్‌లు, వేర్వేరు మెట్రిక్‌లు చాలు. బయటి నుంచి రెండు లైన్ల మీదా లోపలికి రావాలన్నప్పుడే పాలసీ రూటింగ్.

ఇప్పుడు ఆర్పీ ఫిల్టర్. ప్యాకెట్ వచ్చిన కార్డు మీదుగానే దాన్ని పంపినవాడికి తిరుగుదారి ఉందా అని కెర్నెల్ చూసుకునే తనిఖీ ఇది. 0 అంటే లేదు, 1 అంటే కఠినం, 2 అంటే ఏదో ఒక కార్డు మీదుగా దారి ఉంటే చాలు. టీసీపీడంప్ ఈ తనిఖీ కంటే ముందే ప్యాకెట్‌ను చూస్తుంది. అందుకే తెర మీద ప్యాకెట్ కనబడుతుంది, సేవకు మాత్రం చేరదు, లాగ్‌లోనూ ఏమీ ఉండదు. బయటపెట్టడానికి మంచి కమాండ్: ఐపీ రూట్ గెట్ 192.168.2.10 ఫ్రమ్ 203.0.113.77 ఐఐఎఫ్ ఈత్1. ఇన్‌వ్యాలిడ్ క్రాస్-డివైస్ లింక్ అని వస్తే ఆర్పీ ఫిల్టర్ ఆపేస్తోందన్నమాట. ఎన్‌స్టాట్ కమాండ్ చూపే లెక్కల్లో ఐపీరివర్స్‌పాత్‌ఫిల్టర్ అంకె పెరుగుతోందేమో కూడా చూడండి. విలువ మార్చేటప్పుడు ఒక మెలిక ఉంది: ఆల్ (అన్ని కార్డులకూ) కింద ఉన్నదీ, కార్డు కింద ఉన్నదీ, రెండింటిలో పెద్దదే అమలవుతుంది. ఆల్ 1 ఉండగా ఈత్1కు 0 రాస్తే ఏమీ మారదు, 2 రాస్తే మారుతుంది. పైన ఇచ్చిన ఫ్రమ్ నియమాలు పెట్టాక సర్వర్ సొంత సేవలకు కఠినం కూడా అడ్డు రాదు, ఎందుకంటే ఈ తనిఖీ కూడా ఆ నియమాల గుండానే వెళ్తుంది.

డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లు అనే విడి పెట్టెల్లో నడిపే సాధనం) ఉంటే కథ వేరు. కంటైనర్ ఇచ్చే జవాబుకు దారి వెతికే సమయానికి దాని సోర్స్ ఇంకా 172.17.0.2 లాంటిదే. అడ్రస్ మార్పిడి రూటింగ్ అయ్యాక జరుగుతుంది. కాబట్టి ఫ్రమ్ 192.168.2.10 నియమం తగలదు. దీనికి గుర్తు వేయాలి: ఐపీటేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్ కమాండ్) మ్యాంగిల్ టేబుల్ ప్రీరూటింగ్‌లో, ఈత్1 మీద వచ్చే కొత్త కనెక్షన్‌కు కన్‌మార్క్‌తో 2 అని గుర్తు, డాకర్ బ్రిడ్జి నుంచి వచ్చే ప్యాకెట్‌కు రిస్టోర్ మార్క్, ఆపైన ప్రయారిటీ 1030తో ఎఫ్‌డబ్ల్యూమార్క్ 2 టేబుల్ 102 అని రూల్. ఇక్కడ ఈత్1 ఆర్పీ ఫిల్టర్ 2 చేయక తప్పదు. కంటైనర్ అడ్రస్‌కు మారిపోయిన ప్యాకెట్‌ను ఫ్రమ్ నియమం ఆదుకోదు మరి. కుదిరితే నేను చెప్పేది ఇంకా తేలిక దారి: వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్‌ను కంటైనర్‌లో కాకుండా నేరుగా సర్వర్ మీద పెట్టి, కంటైనర్లను దాని వెనక ఉంచండి. అప్పుడు ఫ్రమ్ నియమాలే సరిపోతాయి. అలాగే కాలేజీ నెట్‌వర్క్ 172.17 శ్రేణిలో ఉంటే డాకర్ బ్రిడ్జి 172.17.0.0/16 దాని మీద కూర్చుంటుంది. డేమన్ జేసన్ ఫైల్లో బిప్ (ఆ బ్రిడ్జి అడ్రస్) విలువ మార్చండి.

యూడీపీ (ముందుగా కనెక్షన్ కట్టకుండా డేటా పంపే పద్ధతి) సేవలకు మరో చిక్కు. 0.0.0.0 (అంటే అన్ని అడ్రస్‌లూ) మీద వినే సేవ జవాబిచ్చేటప్పుడు సోర్స్ అడ్రస్ తానే ఎంచకపోతే కెర్నెల్ మెయిన్ టేబుల్ ప్రకారం మొదటి కార్డుది అంటిస్తుంది. ఫ్రమ్ నియమం పనిచేసే అవకాశమే రాదు. సేవను రెండు అడ్రస్‌లకూ విడివిడిగా బైండ్ చేయండి. ఓపెన్‌వీపీఎన్‌కు మల్టీహోమ్ అనే ఆప్షన్ ఇందుకే ఉంది.

రెండు కార్డులూ ఒకే స్విచ్‌లో గుచ్చి ఉంటే ఒక కార్డు అడ్రస్ కోసం వచ్చిన ఏఆర్‌పీ (ఈ ఐపీ ఏ కార్డుది అని అడిగే) ప్రశ్నకు రెండో కార్డు కూడా జవాబిస్తుంది. కెర్నెల్ అమరికల్లో ఆర్ప్‌_ఇగ్నోర్ 1, ఆర్ప్‌_అనౌన్స్ 2 పెట్టండి.

లైను తెగినప్పుడు మరో లైనుకు మారడం గురించి కూడా తెలుసుకోవాలి. బయట రోడ్డు తవ్వకంలో ఫైబర్ తెగినా మోడెమ్‌కూ సర్వర్‌కూ మధ్య ఉన్న కేబుల్ బాగానే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది. కెర్నెల్‌కు లైను చచ్చినట్టు తెలియదు, డీఫాల్ట్ రూట్ అలాగే ఉంటుంది. అందుకని మోడెమ్‌ను కాకుండా దాని అవతల ఉన్న అడ్రస్‌ను ఒక్కో లైను సోర్స్‌తో పింగ్ చేసి, వరుసగా కొన్ని పోతేనే మెయిన్ టేబుల్ డీఫాల్ట్ మార్చే స్క్రిప్టు కావాలి. ఒక్క పింగ్ పోగానే మార్చేస్తే లైను అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

చిన్న పింగ్ పోతుంది, పెద్ద పేజీ సగంలో ఆగుతుంది అంటే రూటింగ్ కాదు, ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం). పీపీపీఓఈ (యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) లైన్లలో అది 1492. పింగ్‌కు మైనస్ ఎం (పెద్ద అక్షరం) డూ, మైనస్ ఎస్ 1464 ఇస్తే పోయి, 1472 ఇస్తే పోకపోతే ఖాయం. మోడెమ్‌లో ఎంఎస్ఎస్ క్లాంప్ (టీసీపీ ముక్కల పరిమాణాన్ని తగ్గించే అమరిక) పెట్టండి.

విజయనగరంలో కూర్చుని పలాసలో ఉన్న సర్వర్ రూట్లు మార్చేటప్పుడు ముందు షట్‌డౌన్ మైనస్ ఆర్ ప్లస్ 10 కొట్టండి. ఐపీ కమాండ్‌తో చేసిన మార్పులు రీబూట్‌తో పోతాయి కాబట్టి, మీ కనెక్షన్ తెగిపోయినా పది నిమిషాలకు సర్వర్ పాత స్థితిలో లేస్తుంది. అంతా బాగుంటే షట్‌డౌన్ మైనస్ సీతో రద్దు చేయండి. ఉబుంటులో నెట్‌ప్లాన్ ట్రై కూడా 120 సెకన్లలో మీరు ఒప్పుకోకపోతే వెనక్కి తిప్పుతుంది. పరీక్ష పూర్తయ్యాకే నియమాలను నెట్‌ప్లాన్, నెట్‌వర్క్ మేనేజర్ లేదా నెట్‌వర్క్‌డీ (నెట్‌వర్క్ అమరికలు చూసుకునే సాధనాలు) ఫైళ్లలో రాయండి. నెట్‌వర్క్‌డీ రీస్టార్ట్ అయినప్పుడు తాను రాయని రూల్స్‌ను తుడిచేస్తుంది. స్క్రిప్టుతోనే నియమాలు పెడతామంటే నెట్‌వర్క్‌డీ కాన్ఫ్ ఫైల్లో మేనేజ్‌ఫారిన్‌రౌటింగ్‌పాలసీరూల్స్ విలువ నో చేయాలి.