జో పూల్ లేక్ ఒడ్డున ఆర్‌వీ

డల్లాస్ దగ్గర పిల్లలతో ఆర్‌వీ (వంటిల్లు, పడకలు ఉండే బండి) వేసుకెళ్లడానికి ఈ లేక్ ఒడ్డునున్న సీడర్ హిల్ స్టేట్ పార్క్ చక్కటి చోటు. బుకింగ్ 5 నెలల ముందే తెరుస్తారు, వీకెండ్ కావాలంటే అప్పుడే పట్టాలి.

ఆర్‌వీకి 30 ఆంప్స్ కరెంటు కనెక్షన్ అంటే 3,600 వాట్లే. ఏసీ తిరుగుతుండగా మైక్రోవేవ్, రైస్ కుక్కర్ కలిపి పెడితే బ్రేకర్ పడిపోతుంది. అన్నం ఉడికేదాకా మైక్రోవేవ్ జోలికి పోవద్దు.

నీటి ఒత్తిడి తగ్గించే ప్రెషర్ రెగ్యులేటర్ కుళాయి దగ్గరే బిగించండి, పైపుకి అవతలి కొసన కాదు. అలాగైతే పైపు కూడా పగలదు.

బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ మురుగు చేరేది) వాల్వ్ తెరిచి ఉంచేయకండి. నీళ్లు జారిపోయి, గట్టిది అడుగున గడ్డకట్టుకుపోతుంది. మూడింట రెండొంతులు నిండాకే వదలండి. గ్రే ట్యాంక్ (సింక్, స్నానం నీళ్లు చేరేది) ఆ తర్వాత, సబ్బునీళ్లకి గొట్టం కూడా శుభ్రపడుతుంది.

నీటి అంచున పిల్లలకి చేతులకి తొడిగే గాలి బుడగలు చాలవు, కాళ్ల మధ్య పట్టీ ఉన్న లైఫ్ జాకెట్టే వేయండి.