ఊడ్పుల ఆట

డిసెంబర్ 14, 2024. శనివారం. ఫిష్‌కిల్, న్యూయార్క్.

నేను లేచేసరికి నాన్న అప్పటికే గడ్డం గీసుకుని, మంకీ క్యాపు పెట్టుకుని సోఫాలో కూర్చున్నారు. ఇండియన్ ఆర్మీ సిగ్నల్స్ విభాగంలో హవల్దారుగా రిటైరై ముప్పై ఏళ్ళు దాటినా ఆయన గడియారం ఇంకా జబల్‌పూర్ టైములోనే నడుస్తుంది.

"ఎన్నింటికిరా మ్యాచి?"

"మధ్యాహ్నం మూడింటికి నాన్నా."

"మరి ఇప్పటిదాకా పడుకుంటావేంట్రా?"

మ్యాచి అంటే టీవీలో వచ్చే ఆర్మీ-నేవీ కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్. ఈ రెండింటికీ లంకె ఏమిటో నేను అడగలేదు. పెసరట్లు తిని, ఉతికిన బట్టలు మడతపెట్టి, ఇండియన్ స్టోరుకి వెళ్ళి కరివేపాకు, అల్లం తెచ్చేసరికి పన్నెండున్నర.

ఎనిమిదేళ్ళుగా హడ్సన్ నదికి ఇవతల ఉంటున్నాం. అవతలి గట్టున ఉన్న అమెరికా ఆర్మీ కాలేజీ వెస్ట్ పాయింట్ నాకు రైల్లోంచి కనబడే రాతి గోడలే తప్ప ఇంకేమీ కాదు. ఈ ఏడాది నాన్న విజిటర్ వీసా మీద రావడంతో కథ మారింది. మా ఊరు మిలటరీ మాధవరం పక్కనే. ఇంటికొకరు పట్టాళంలోకి వెళ్ళే ఊరది. ఆ గాలి మా ఊరికీ తగిలింది. "నది దాటితే ఆర్మీ కాలేజీ ఉంది నాన్నా" అన్నదే నా తప్పు. నవంబర్ 2న ఎయిర్ ఫోర్స్ కాలేజీతో మ్యాచికి మూడు టికెట్లు కొన్నాను: ఆయనకీ, నాకూ, మావాడికీ.

ఆటకి ముందు కాలేజీ కవాతు మైదానంలో క్యాడెట్ల పరేడ్ జరుగుతుంది. జనమంతా ఫోన్లు ఎత్తి పట్టుకుంటే నాన్న మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు చికిలించి చూశారు. "మూడో వరసలో ఎడం నుంచి నాలుగోవాడు స్టెప్పు తప్పాడు" అన్నారు. కాస్త ఆగి, "ఫస్టియర్ అయ్యుంటాడులే" అని క్షమించేశారు కూడా.

ఇక ఆట. "ఫుట్‌బాల్ అన్నావు, కాలితో తన్నరేంట్రా?" అని ప్రతి తెలుగు తండ్రీ అడిగేదే ఆయనా అడిగారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు అని చెప్పాను. మిగతా కాలేజీలు చాలావరకు బంతిని గాల్లోకి విసిరి ఒక్క ఊపులో నలభై గజాలు లాగుతాయి. ఆర్మీ అలా ఆడదు. జట్టుని నడిపే ఆటగాడు, క్వార్టర్‌బ్యాక్, బంతిని తనే పట్టుకుని గుంపులోకి దూరతాడు, లేదా పక్కవాడి పొట్టలో పెట్టి లాక్కుంటాడు, లేదా ఇచ్చేస్తాడు. ఎవరి దగ్గరుందో ఎదుటివాడికి తెలిసేలోపు మూడు గజాలో నాలుగు గజాలో వచ్చేస్తాయి. పావుగంట చూసి నాన్న తేల్చేశారు. "ఇది ఊడ్పుల ఆటరా. వరస తప్పకుండా, నడుం ఎత్తకుండా పోవడమే."

ఆ పేరు మా ఇంట్లో స్థిరపడిపోయింది.

ఆ రోజు మొదటి క్వార్టర్‌బ్యాక్ బ్రైసన్ డైలీ లేడు. అతని బదులు డ్వేన్ కోల్‌మన్ ఆడాడు. అయినా 20-3తో గెలిచారు. ఆర్మీ స్కోరు చేసినప్పుడల్లా బోర్డు మీద ఎన్ని పాయింట్లుంటే క్యాడెట్లు అన్ని పుషప్పులు తీస్తారు. మావాడికి ఆటకంటే అదే నచ్చింది.

నవంబర్ 16న నార్త్ టెక్సస్‌తో ఆట టీవీలో చూశాం. ఆర్మీ తన గోల్ లైను దగ్గర బంతి అందుకుంది. నాన్న లేచి బాత్రూముకి వెళ్ళొచ్చారు, మాత్ర వేసుకున్నారు, ఊరికి ఫోన్ చేసి మా బాబాయితో కొబ్బరికాయల రేటు మాట్లాడారు. తిరిగొచ్చి, "ఏంటి, ఇంకా వీళ్ళ దగ్గరేనా బంతి?" అన్నారు. అవును. 94 గజాలు, 21 ప్రయత్నాలు, 13 నిమిషాల 54 సెకన్లు. క్వార్టర్ మొత్తం పదిహేను నిమిషాలే! అవతలి కుర్రాళ్ళు బెంచీ మీద చలికాచుకున్నారు. 14-3. నాకు తెలిసి ఈ సీజన్‌లో ఇంతకన్నా అందమైన సంగతి లేదు. చాలామందికి ఇంతకన్నా విసుగు పుట్టించేదీ ఉండదు.

ఆ మరుసటి వారం యాంకీ స్టేడియంలో నోటర్ డామ్ 49-14తో చితక్కొట్టింది. దాని గురించి రాయబుద్ధి కావట్లేదు. పోయిన వారం శుక్రవారం మాత్రం తులేన్‌ని 35-14తో ఓడించి అమెరికన్ కాన్ఫరెన్స్ అనే కాలేజీల లీగు టైటిల్ కొట్టారు. 1890లో ఆట మొదలెట్టిన ఈ కాలేజీకి ఇదే మొదటి కాన్ఫరెన్స్ టైటిల్ అని టీవీవాళ్ళు ఊదరగొట్టారు. నిజమేగానీ, అన్నేళ్ళలో చాలాకాలం వీళ్ళు ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేరన్నది మెల్లగా చెప్పారు.

ఇవాళ నేవీతో. ఇది 125వ పోటీ, మేరీల్యాండ్‌లోని ల్యాండోవర్‌లో. మొదటిది 1890లో జరిగిందని చెబితే, "మా ఇండియా ఫుట్‌బాల్ డ్యూరాండ్ కప్పు 1888" అని నాన్న రెండేళ్ళు ముందు నిలబడ్డారు. ఆటకి ముందు ఖైదీల మార్పిడి ఉంటుంది. ఒక సెమిస్టరు అవతలి కాలేజీలో చదివిన పిల్లల్ని వాళ్ళ వాళ్ళ వైపు అప్పజెప్పడం. ఆర్మీ యూనిఫాం ఈసారి 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ పేరు మీద, 1944 చలికాలపు బల్జ్ యుద్ధానికి గుర్తుగా. నాన్న టీవీకి దగ్గరగా కుర్చీ లాక్కున్నారు.

ఊడ్పులు సాగలేదు. నేవీ మన ఆటే మనమీద ఆడింది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ హోర్వాత్ కాళ్ళకి అడ్డే లేకపోయింది. డైలీ మూడుసార్లు బంతిని ఎదుటివాళ్ళ చేతుల్లోకి విసిరాడు. నాలుగో క్వార్టర్‌లో నేవీ బంతిని తన్నేస్తున్నట్టు నిలబడి, ల్యాండన్ రాబిన్సన్ అనే భారీ డిఫెన్స్ ఆటగాడి చేతికిచ్చి 29 గజాలు పరిగెత్తించింది. "మోసం!" అని మావాడు అరిచాడు. "మోసం కాదురా, అంబుష్" అన్నారు నాన్న, మెచ్చుకోలుగానే. 31-13.

ఆట అయ్యాక రెండు జట్లూ కలిసి ముందు ఓడినవాళ్ళ విద్యార్థుల ఎదుట నిలబడి వాళ్ళ కాలేజీ పాట పాడతాయి, తర్వాత గెలిచినవాళ్ళది. డైలీ మొహం కెమెరాలో నిండుగా కనబడింది. మేలో డిగ్రీ అందుకుంటే ఈ ఆఖరి ఏడాది కుర్రాళ్ళు సెకండ్ లెఫ్టినెంట్లు, కనీసం అయిదేళ్ళ సర్వీసు.

"ఎక్కడ పడుద్దో వీళ్ళకి పోస్టింగు" అన్నారు నాన్న. తర్వాత, "ఎల్లుండి పదహారు" అన్నారు. పాకిస్తాన్‌తో 71 యుద్ధం ముగిసిన తేదీ. 71 డిసెంబర్లో ఆయన యూనిట్ వాలీబాల్ జట్టు ఫొటో మా ఊరి ఇంట్లో గోడకి ఉంది. దాని గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడరు. నేనూ అడగలేదు.

రాత్రి చపాతీలు తింటుంటే ఇంకో వార్త. 28న ఇండిపెండెన్స్ బౌల్ అనే సీజన్ చివరి మ్యాచిలో ఆర్మీతో ఆడాల్సిన మార్షల్ కాలేజీ జట్టు తప్పుకుందట. కోచ్ వేరే కాలేజీకి వెళ్ళిపోతే, ఆటగాళ్ళు డజన్లకొద్దీ బదిలీకి పేర్లు ఇచ్చేసుకున్నారట. నాన్నకి అర్థమయ్యేలా చెప్పడానికి తంటాలు పడ్డాను. "అంటే మ్యాచి ఉందా లేదా?" అన్నారు. ఇంకో జట్టు కోసం చూస్తారు అన్నాను.

హాల్లో దబదబా చప్పుడు. మావాడు ఆర్మీ పదమూడు పాయింట్లకి పదమూడు పుషప్పులు తీస్తున్నాడు. తాతయ్య పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని లెక్కపెడుతున్నారు.

"తొమ్మిదే. నాలుగు చెల్లవు. మోచెయ్యి వంగలేదు."