మాస్టారి మూడు గేర్ల సైకిలు

1970ల చివర గుంటూరులో నాతో కలిసి చదువుకున్న మిత్రులకు మన పాఠశాల సైకిల్ స్టాండులో వేపచెట్టు కిందే ఎప్పుడూ నిలిచి ఉండే ఆకుపచ్చ రాలీ టూరిస్టు సైకిలు గుర్తుండే ఉంటుంది. అది మన లెక్కల మాస్టారిది. చుట్టూ ఉన్నవన్నీ ఒంటి గేరు సైకిళ్ళే అయిన ఆ రోజుల్లో దాని వెనుక చక్రంలో మాత్రం స్టర్మీ-ఆర్చర్ వారి మూడు గేర్ల హబ్బు (గేర్లన్నీ లోపలే ఉండే చక్రం నడిమి భాగం) ఉండేది. సంక్రాంతి సెలవుల్లో మాస్టారు దాని మీదే అమరావతి వెళ్ళి వచ్చేవారు.

నిష్పత్తుల పాఠం నాడు ఆయన ఆ సైకిలును తరగతిలోకి తెప్పించి, తలకిందులుగా నిలిపి, వెనుక టైరు మీద సుద్దతో ఒక గీత గీశారు. మూడో గేరులో పెట్టి, చైను ఆడే చిన్న పళ్ళచక్రాన్ని 3 చుట్లు తిప్పితే సుద్దగీత 4 సార్లు తిరిగి వచ్చింది. మొదటి గేరులో 4 చుట్లకు 3 సార్లే వచ్చింది. తిప్పే ముందు గీత ఎన్నిసార్లు వస్తుందో చెప్పమంటే ఐదన్నవారు కూడా ఇద్దరున్నారు, వారిలో నేనొకణ్ణి.

రెండేళ్ళ కిందట బ్రాడీపేటలోని ఇల్లు ఖాళీ చేస్తూ మాస్టారి అబ్బాయిగారు, ఆ సైకిలును పాత ఇనుముకు వేయడానికి మనసొప్పక నాకు కబురు చేశారు. మెట్ల కింద టైర్లు బిరుసెక్కి రిమ్ములకు అతుక్కుపోయి ఉన్నాయి. చైన్‌కేసులో ఎలుకలు కాగితాలు కొరికి గూడు పెట్టాయి. హబ్బు మీది జిడ్డు తుడిస్తే 62 అనే అంకె కనిపించింది. అంటే అది 1962లో తయారైనది.

టైర్లకు నేను పడతాననుకున్న తిప్పలు పడలేదు. పాలవాళ్ళు తొక్కే పెద్ద సైకిళ్ళ పుణ్యమా అని 28×1½ టైర్లు, రాడ్ బ్రేకుల కట్టెలు, వెనుక చక్రానికి కావలసిన 40 రంధ్రాల రిమ్ము నేటికీ దొరుకుతున్నాయి. పెడలు కడ్డీలను ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులు మాత్రం మూడు రాత్రులు కిరసనాయిలు తాగి కూడా కదలలేదు. ఒకదాన్ని చివరకు డ్రిల్లు చేసి తీయవలసి వచ్చింది.

అసలు పొరపాటు క్రాంకు ఇరుసు (పెడలు కడ్డీలు తిరిగే ఇరుసు) దగ్గర చేశాను. గోళీలు తిరిగే కప్పు అరిగిపోతే దాని స్థానంలో ఇప్పటి గేరు సైకిలు కప్పు ఒకటి కొని తెచ్చి, రెండు చుట్లు సాఫీగా ఎక్కిందన్న ధైర్యంతో మూడో చుట్టుకు పానాతో బలం ప్రయోగిస్తుండగా, అరండల్‌పేటలో నలభై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్న మెకానిక్కు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. “ఆగండి సార్, మరను తినేస్తోంది” అన్నాడు. రాలీ మరకు అంగుళానికి 26 చుట్లు. నేను తెచ్చినది 24 చుట్లది. అతడు తన రేకుడబ్బాను బోర్లించి, తుక్కుకు వెళ్ళిన ఏదో రాలీ నుంచి తీసి దాచిన కప్పును వెతికి, ఒక్కో వైపు పదకొండేసి పావు అంగుళం గోళీలు గ్రీజులో పేర్చి బిగించాడు.

రంగు వేయించలేదు. హ్యాండిలుకు మాస్టారి గుడ్డసంచీ వేలాడి వేలాడి రుద్దుకుపోయిన చోటు అలాగే ఉండాలనిపించింది.

హబ్బులో గేరు మార్చే చిన్న గొలుసు తెగిపోతే దానికి బదులు కొత్తది తెప్పించాను. స్టర్మీ-ఆర్చర్ 2000లో తైవాన్‌కు చెందిన సన్‌రేస్ చేతికి వెళ్ళినా, ఆ పాత హబ్బుకు సరిపోయే భాగాలు ఇంకా వస్తున్నాయి. బిగించిన మర్నాడే శంకర్ విలాస్ వంతెన ఎక్కుతుండగా రెండో గేరులో పెడలు ఉన్నట్టుండి ఖాళీగా తిరిగి, మోకాలు హ్యాండిలుకు కొట్టుకుంది. గొలుసు కాస్త వదులైతే ఈ హబ్బు రెండుకూ మూడుకూ మధ్య ఏ గేరూ లేని చోట నిలిచిపోతుంది. రెండో గేరులో ఉంచి, నట్టు పక్కనున్న కంతలోంచి చూస్తూ, గొలుసుకు అతికి ఉండే సన్నని పుల్ల చివర ఇరుసు చివరకు సమానంగా వచ్చేదాకా బిగించాను.

ఆ సాయంత్రం సైకిలును తలకిందులు చేసి, టైరు మీద సుద్దగీత గీసి, పళ్ళచక్రాన్ని మెల్లగా 3 చుట్లు తిప్పాను. గీత 4 సార్లు వచ్చింది. మన పూర్వవిద్యార్థుల సమావేశం నాడు దాన్ని ఆ వేపచెట్టు కిందే నిలుపుతాను. నమ్మకం కుదరనివారు సుద్దముక్క తెచ్చుకోవచ్చు.